రొట్టె కోసం వచ్చినవాళ్లు, వెంట నడిచినవాళ్లు

గలిలయ సముద్రం ఒడ్డున ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మంది కడుపు నిండింది. ఆ మర్నాడు ఏం జరిగిందో యోహాను సువార్త ఆరో అధ్యాయం చెబుతుంది. తెల్లారి చూస్తే యేసు లేడు, శిష్యులూ లేరు. ముందురోజు అక్కడున్నది ఒక్కటే పడవ. అందులో శిష్యులు మాత్రమే ఎక్కి వెళ్లడం జనం చూశారు. మరి ఈయన ఎటు వెళ్లినట్టు? తిబెరియ నుంచి వచ్చిన చిన్న పడవలెక్కి కపెర్నహూము దాకా వెతుక్కుంటూ వెళ్లారు. కనపడగానే "బోధకుడా, ఇక్కడికెప్పుడు వచ్చావు?" అని అడిగారు. ఆయన ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. మీరు సూచనలు చూసినందుకు కాదు, రొట్టెలు తిని తృప్తిపడ్డారు గనుక నన్ను వెతుకుతున్నారు అన్నాడు.

క్రైస్తవ ప్రసంగాల్లో ఈ వాక్యానికి పని ఎక్కువ. దీంతో సంఘాన్ని రెండుగా చీలుస్తుంటారు. జబ్బు నయం కావాలని, ఉద్యోగం రావాలని, ఇంట్లో గొడవలు సర్దుకోవాలని వచ్చేవాళ్లు ఒక గుంపు. సిలువ ఎత్తుకుని నడిచేవాళ్లు ఇంకో గుంపు. తాను ఏ గుంపులో ఉన్నాడో వినేవాడే తేల్చుకోవాలి. వినడానికి ఇది బాగానే ఉంటుంది గానీ, సువార్తలు తెరిచి చదివితే ఆ గీత ఎక్కడా అంత తిన్నగా కనపడదు. ఆ మాట అన్న మనిషే ముందురోజు ఆ రొట్టెలు పెట్టాడు. పెట్టేముందు, ఎందుకొచ్చావని ఎవర్నీ అడగలేదు. తిన్నాక కూడా, అడిగినందుకు సిగ్గుపడమని చెప్పలేదు. పాడైపోయే ఆహారం కోసం కష్టపడకండి, నిత్యజీవం దాకా నిలిచే ఆహారం కోసం కష్టపడండి అన్నది ఆ వెంటనే వచ్చే మాట. వాళ్లు అడిగింది ఎక్కువైందని ఆయన అనలేదు. చాలా తక్కువ అడిగి అక్కడే ఆగిపోయారన్నది ఆయన ఫిర్యాదు.

శిష్యరికం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా పట్టుకోకపోతే తర్వాతదంతా పక్కదారి పడుతుంది. సరైన ఉద్దేశంతో వచ్చినవాళ్లనే పిలుస్తారు, తప్పుడు ఉద్దేశంతో వచ్చినవాళ్లను వెనక్కి పంపుతారు అన్న లెక్క సువార్తల్లో లేదు. సరైన ఉద్దేశంతో వచ్చినవాడు వాటిలో దాదాపు ఎవడూ కనపడడు కూడా.

యోహాను సువార్తలో యేసు పలికిన మొదటి మాట ఒక ప్రశ్న. బాప్తిస్మమిచ్చే యోహాను శిష్యులిద్దరు ఆయన వెనకాల నడుస్తుంటే ఆయన తిరిగి చూసి "మీరేమి వెదకుచున్నారు?" అంటాడు. వాళ్లు జవాబు చెప్పరు. "రబ్బీ, నీవు ఎక్కడ కాపురమున్నావు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఏం కావాలో చెప్పలేనివాడు అడిగే ప్రశ్న అది. వచ్చి చూడమన్నాడు; వెళ్లారు; ఆ రోజు ఆయన దగ్గరే ఉన్నారు. అప్పటికి ఇంచుమించు పదో గంట అయిందని, అంటే సాయంత్రం నాలుగు కావస్తోందని రచయిత గుర్తు పెట్టుకుని మరీ రాశాడు. ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇదే సువార్తలో ఆ ప్రశ్న ఇంకో రెండుసార్లు వినిపిస్తుంది. కెద్రోను వాగు అవతలి తోటలో దివిటీలు, ఆయుధాలు పట్టుకుని వచ్చినవాళ్లను మీరు ఎవరిని వెతుకుతున్నారని అడుగుతాడు. సమాధి దగ్గర ఏడుస్తున్న మగ్దలేనే మరియను ఎవరిని వెతుకుతున్నావని అడుగుతాడు. అనుచరులకూ, పట్టుకోవడానికి వచ్చినవాళ్లకూ, శవాన్ని వెతుక్కునే స్త్రీకీ ప్రశ్న ఒకటే. మరియ వెతుకుతున్నది చనిపోయిన మనిషిని. ఆమె కోరిక కూడా తప్పుగానే ఉంది, కాకపోతే ప్రేమతో ఉంది.

మార్కు ఇంకా గడుసువాడు. పదో అధ్యాయంలో ఒకే ప్రశ్నను పదిహేను వచనాల ఎడంతో రెండు చోట్ల పెట్టాడు. ముందు జెబెదయి కొడుకులు యాకోబు, యోహాను వస్తారు. మేము ఏది అడిగినా చేయాలి అని మొదలుపెడతారు. పెద్దవాళ్ల దగ్గర పని సాధించుకోవాలనుకునే పిల్లల వరస అది. నేను మీకేమి చేయగోరుచున్నారు అని ఆయన అడుగుతాడు. నీ మహిమలో ఒకరికి కుడివైపు, ఒకరికి ఎడమవైపు చోటు కావాలంటారు. (మత్తయి ఈ అడగడాన్ని తల్లి నోట పెట్టాడు. కొడుకుల పరువు కాపాడడానికేమో అని వ్యాఖ్యాతలకు ఎప్పటినుంచో అనుమానం.) తర్వాత యెరికో పొలిమేరలో బర్తిమయి అనే గుడ్డి భిక్షగాడు. నోరు మూసుకోమని జనం గద్దిస్తున్నా అరుస్తూనే ఉంటాడు. పిలిచారనగానే పైబట్ట పారేసి దిగ్గున లేచి వస్తాడు. దారి పక్కన అడుక్కునేవాడికి ఆ బట్టే ఆస్తి. దానం వేసేది కూడా దాని మీదనే అయి ఉండొచ్చు. అతణ్నీ ఆయన అదే అడుగుతాడు: నేను నీకేమి చేయగోరుచున్నావు?

అతడు చూపు అడిగాడు, చూపు వచ్చింది, దారిలో ఆయన వెంట వెళ్లాడు. ఆ దారి యెరూషలేముకు, అంటే సిలువకు పోయే దారి. అన్నీ విడిచి వచ్చిన ఇద్దరు అగ్రశిష్యులు పదవులు అడిగారు. ఏ బోధా వినని భిక్షగాడు తనకు కావలసింది తీసుకుని వెంట నడిచాడు. ప్రసంగాల గీతను పట్టుకుని కొలిస్తే బర్తిమయి రొట్టె గుంపులో పడాలి. ఇక యాకోబు, యోహానుల సంగతి. మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదు అన్నాడే తప్ప వాళ్లను వెళ్లగొట్టలేదు. కుడి, ఎడమ అన్న ఆ మాటలే మార్కు పదిహేనో అధ్యాయంలో మళ్లీ వస్తాయి. అక్కడ యేసుకు కుడివైపున, ఎడమవైపున ఉన్నవాళ్లు సిలువ వేసిన ఇద్దరు దొంగలు. యాకోబు అడిగిన ఆసనం దొరికిందో లేదో గానీ, తాగగలమని ఒప్పుకున్న గిన్నె మాత్రం దొరికింది. హేరోదు అతణ్ని కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యాలు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది.

ఆ కాలపు యూదుల్లో గురుశిష్య సంబంధం కొత్తదేమీ కాదు. శిష్యుడు తనకు నచ్చిన గురువును వెతుక్కుని చేరేవాడు, ధర్మశాస్త్రం నేర్చుకునేవాడు, తర్వాత తనే గురువు అయ్యేవాడు. యేసు దగ్గర ఆ వరస తిరగబడింది. మీరు నన్ను ఏర్పరచుకోలేదు, నేను మిమ్మల్ని ఏర్పరచుకున్నాను అన్న మాట యోహాను పదిహేనో అధ్యాయంలో ఉంది. వలలు వేసుకునేవాళ్లను వాళ్ల పని మధ్యలోనే పిలిచాడు. జెబెదయి పడవలో జీతగాళ్లు కూడా ఉన్నారని మార్కు రాశాడు, అంటే యాకోబు, యోహాను వదిలేసింది కాస్త నిలదొక్కుకున్న వ్యాపారమే. శిష్యులంటే పన్నెండుమందే అనుకోవడం కూడా సరికాదు. హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, సూసన్న, మగ్దలేనే మరియ ఊరూరా వెంట తిరిగారని, తమ సొమ్ముతో అందరి ఖర్చులు చూశారని లూకా ఎనిమిదో అధ్యాయం చెబుతోంది. ఈ గుంపు రథసారథుల పేర్లు అందరికీ తెలుసు, ఖర్చు పెట్టుకున్నవాళ్ల పేర్లు చాలామందికి తెలియవు.

ఇన్నాళ్లు వెంట తిరిగాక ఉద్దేశాలు శుభ్రపడ్డాయా? సువార్త రచయితలు మొహమాటపడలేదు. చివరి భోజనం దగ్గర కూడా తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారని లూకా రాశాడు. పునరుత్థానం తర్వాత నలభై రోజులు దేవుని రాజ్యం గురించి విని కూడా, ఇశ్రాయేలుకు రాజ్యాన్ని ఇప్పుడే తిరిగి ఇప్పిస్తావా అని అడిగారు. అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయం. అంతకాలం పక్కనే ఉండి నేర్చుకున్న బ్యాచ్ పరిస్థితే ఇది.

అలాగని వెంబడించడానికి వెల లేదని కాదు. వెల గురించి ఇంత నిర్మొహమాటంగా చెప్పిన మత గురువులు తక్కువ. లూకా 14లో గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అంటాడు. పదివేల మందితో ఇరవైవేల మందిని ఎదిరించబోయే రాజు ఆలోచించుకోడా అంటాడు. ఆ మాటలు పన్నెండుమందిని పక్కకు పిలిచి రహస్యంగా చెప్పినవి కావు. వెనకాల గుంపులు గుంపులుగా వస్తున్న జనం వైపు తిరిగి చెప్పినవి. జనం పెరుగుతున్నప్పుడు ఏ నాయకుడూ సాధారణంగా ఇలా మాట్లాడడు. ఇక సిలువ. ప్రతిదినము తన సిలువను ఎత్తికొని అన్న వాక్యం విన్నవాళ్లకు అది నగ కాదు, గోడ మీద బొమ్మ కాదు. రోమా ప్రభుత్వం బానిసలనూ తిరుగుబాటుదారులనూ నలుగురూ చూసేలా చంపే కొయ్య. మోకాళ్ల నొప్పుల్నీ అత్తగారి పోరునూ 'నా సిలువ' అనే అలవాటు తర్వాతి కాలానిది. ఆ నొప్పులు నిజమే గానీ, వాటిని ఎవరూ ఎంచుకుని ఎత్తుకోలేదు.

వెల చెల్లించలేక వెళ్లిపోయినవాడి కథలో ఒక చిన్న మాట తరచు జారిపోతుంది. బర్తిమయి ఉన్న ఆ మార్కు పదో అధ్యాయంలోనే ఒక ఆస్తిపరుడు పరుగెత్తుకుని వచ్చి మోకాళ్లూని నిత్యజీవం ఎలా దొరుకుతుందని అడుగుతాడు. ఆజ్ఞలన్నీ చిన్నప్పటినుంచి పాటిస్తున్నానంటాడు. యేసు అతణ్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఆ తర్వాతే, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రమ్మన్న మాట. అతడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. వెనక్కి పిలవలేదు, షరతు తగ్గించలేదు. ఇతడికి కావలసింది అందరికంటే ఉన్నతమైనది, నిత్యజీవం. అడిగింది సరైనదే అయినా వెంట నడవలేదు. బర్తిమయి అడిగింది కంటిచూపు, నడిచాడు. కోరిక ఎంత ఆత్మీయంగా ఉంది అన్నదాన్ని బట్టి శిష్యుణ్ని గుర్తుపట్టలేమని చెప్పడానికి మార్కుకు ఈ ఒక్క అధ్యాయం సరిపోయింది.

మనుషులు విశ్వాసంలో ఏం వెతుకుతారన్నది ఇరవయ్యో శతాబ్దంలో మనస్తత్వ శాస్త్రవేత్తల చేతికి కూడా వచ్చింది. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, మైఖేల్ రాస్‌తో కలిసి 1967లో ప్రచురించిన పరిశోధనలో రెండు ధోరణులను కొలిచే ప్రయత్నం చేశాడు. మతాన్ని దేనికో ఒకదానికి, అంటే ఓదార్పుకో, పరపతికో, పరిచయాలకో వాడుకునేవాళ్లు ఒక రకం; మతాన్నే జీవించేవాళ్లు ఇంకో రకం. ఇది ప్రసంగ వేదిక గీతే, ప్రయోగశాల కోటు వేసుకుని వచ్చింది. సరదా ఏమిటంటే ఆ కొలత కూడా తిన్నగా నడవలేదు. రెండు రకాల వాక్యాలకూ అవునని తల ఊపినవాళ్లు చాలామందే తేలారు. వాళ్లను ఎక్కడ పెట్టాలో తెలియక మూడో గడి తెరవాల్సి వచ్చింది. ఆదుకోమని ప్రార్థించే మనిషీ, ఆరాధించే మనిషీ ఒకే చర్మంలో ఉంటారనడానికి అంతకంటే పరిశోధన అక్కర్లేదేమో.

అంతకు రెండేళ్ల ముందు, 1965లో జాన్ లోఫ్‌లండ్, రాడ్నీ స్టార్క్ అనే సమాజ శాస్త్రవేత్తలు ఒక కొత్త మత బృందాన్ని దగ్గర్నుంచి గమనించి ఇంకో సంగతి చెప్పారు. సిద్ధాంతం నచ్చి చేరినవాళ్లకంటే, అందులో ఉన్న మనుషులతో స్నేహం కుదిరి చేరినవాళ్లే ఎక్కువ. సిద్ధాంతం తర్వాత వచ్చింది. విశ్వాసులకు ఇది కాస్త చిన్నతనంగా అనిపించవచ్చు. యోహాను మొదటి అధ్యాయం చూస్తే అలా అనిపించనక్కర్లేదు. అంద్రెయ వెళ్లి తమ్ముడో అన్నో అయిన సీమోనును తీసుకొస్తాడు; ఫిలిప్పు వెళ్లి నతనయేలును లాక్కొస్తాడు. నజరేతులోనుంచి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు వెటకారం చేస్తే ఫిలిప్పు వాదన పెట్టుకోడు, వచ్చి చూడమంటాడు. పిలుపు మొదటి రోజునుంచే బంధుత్వాల మీదుగా నడిచింది.

ఎందుకొచ్చావు అన్న ప్రశ్నను సంఘం కూడా తొలినుంచీ అడిగింది. దాన్ని ఏ పద్ధతిలో అడిగారన్నదే చరిత్రలో అసలు ఆసక్తికరమైన భాగం. మూడో శతాబ్దపు రోమా సంఘ పెద్ద హిప్పోలితు పేరుతో నిలిచిన 'అపొస్తలిక సంప్రదాయం' అనే పాత క్రమపుస్తకంలో, కొత్తగా వచ్చినవాళ్లను విశ్వాసానికి ఎందుకు వస్తున్నారో అడగాలని ఉంది. తీసుకొచ్చినవాళ్లు వాళ్ల గురించి సాక్ష్యం చెప్పాలి. మూడేళ్లు వాక్యం వినాలి. అయితే ఆసక్తి చూపినవాడికి కాలాన్ని కాదు, నడవడిని చూడాలన్న సడలింపు కూడా పక్కనే ఉంది. బాప్తిస్మానికి ముందు అడిగే ప్రశ్నలు ఇంకా గట్టివి: విధవరాళ్లను గౌరవించాడా, రోగులను చూడడానికి వెళ్లాడా, మంచి పనులు చేశాడా? వచ్చినప్పుడు ఏం కోరుకున్నావు అన్నది మొదటి రోజు ప్రశ్న. చివరికి తూకం వేసింది మాత్రం మూడేళ్లలో చేతులు ఏం చేశాయన్నదాన్నే.

అంత వడపోత పెట్టినా 250లో డెకియస్ చక్రవర్తి రోమా దేవతలకు బలి అర్పించి పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు విశ్వాసులు పెద్ద సంఖ్యలో వెళ్లి పత్రాలు తెచ్చుకున్నారు. ఆ పత్రాలు కొన్ని పపైరస్ మీద ఈజిప్టు ఇసుకల్లో దొరికాయి కూడా. పడిపోయినవాళ్లను మళ్లీ చేర్చుకోవాలా వద్దా అన్న తగువు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ బిషప్పు సిప్రియను కాలమంతా నడిచింది. 313లో కాన్‌స్టంటైను, లిసీనియసు క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చారు. 380లో థియోడోసియస్ దాన్ని రాజమతం చేశాడు. ఇక అక్కడినుంచి సమస్య తలకిందులైంది. అంతకుముందు క్రైస్తవుడైతే ఆస్తి పోయేది, ఇప్పుడు పరపతి వస్తోంది. రొట్టె కోసం వచ్చేవాళ్లతో గుళ్లు నిండాయి.

ఆ రోజుల్లో, 400 ప్రాంతంలో, కార్తేజీలో దేవొగ్రాతియస్ అనే డీకనుకు ఒక బాధ ఉండేది. కొత్తవాళ్లకు మొదటి పాఠం చెప్పేది తనే. చెబుతుంటే తనకే విసుగొస్తోంది, మాట తేలిపోతోంది. సలహా చెప్పమని హిప్పో బిషప్పు అగస్తీనును అడిగాడు. అగస్తీను జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. అందులో ఎందుకొచ్చావు అన్న ప్రశ్న మీద చెప్పింది చదివితే, ఆయన ఎంతమందితో విసిగి ఎంతమందితో నవ్వాడో అర్థమవుతుంది. ఎవరి దగ్గరో లాభం పొందాలనో, ఎవరి కోపమో తప్పించుకోవాలనో వచ్చినవాడు నిజంగా క్రైస్తవుడు కావాలనుకోవడం లేదు, అలా నటించాలనుకుంటున్నాడు. అది నిజమే, ఆయన దాచలేదు. అయినా అతడు చెప్పిన జవాబును పట్టుకునే మొదలుపెట్టు అన్నాడు. అబద్ధం చెప్పినా అబద్ధాన్ని బయటపెట్టడానికి కాదు. అతడు చెప్పినది నిజమైతే ఎంత బాగుండునో అతడికే అనిపించేలా మాట్లాడు. నటించడానికి వచ్చినవాడు వింటూ వింటూ నిజంగానే అలా కావాలని కోరుకోవడం దేవుని దయవల్ల జరుగుతూనే ఉంటుంది అన్నాడు.

పదహారు శతాబ్దాల తర్వాత కూడా ఏ సంఘ పెద్దా దీనికి మించిన మాట చెప్పినట్టు కనపడదు. తప్పుడు కారణంతో వచ్చాడని తెలిసీ తలుపు వేయకపోవడం ఒకటి. వచ్చిన కారణాన్నే ఒప్పేసుకుని అక్కడే వదిలేయకపోవడం రెండోది. ఈ రెండూ కలిపి చేయడమే కష్టం.

తలుపు అంత తేలిగ్గా తీయనివాళ్లూ ఉన్నారు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు రాసిన మఠ నియమావళి 58వ అధ్యాయంలో, కొత్తగా వచ్చినవాడికి సులువుగా ప్రవేశం ఇవ్వొద్దని ఉంది. నాలుగైదు రోజులు తలుపు కొడుతూ ఓర్చుకుంటే లోపలికి రానివ్వాలి. నిజంగా దేవుణ్నే వెతుకుతున్నాడా అని ఒక పెద్ద సన్యాసి కనిపెట్టుకుని ఉండాలి. రెండు నెలలకు నియమావళి మొత్తం చదివి వినిపించాలి. ఇదీ నీవు లోబడబోయే చట్టం, పాటించగలిగితే రా, లేకపోతే స్వేచ్ఛగా వెళ్లిపో అనాలి. ఆరు నెలలు ఆగి మళ్లీ చదవాలి, ఇంకో నాలుగు నెలలకు మళ్లీ. మొదటి రోజే ఉద్దేశాన్ని తేల్చేయగలమన్న భ్రమ బెనెడిక్టుకు లేదు. ఏడాది పాటు వెళ్లిపోయే దారి తెరిచే ఉంచాడు.

బెనెడిక్టుకు పూర్తిగా ఎదురు దారి పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీది, ఆశ్చర్యంగా ఇద్దరూ చేరింది దగ్గర దగ్గరగానే. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు కట్టుకున్న కూటపు ఇల్లు అప్పులో ఉంది. అందరూ వారానికి ఒక పెన్నీ ఇద్దాం అని ఫాయ్ అనే కెప్టెన్ సూచించాడు. చాలామందికి ఆ స్తోమత లేదని ఇంకొకరు అన్నారు. అయితే పదకొండుమంది నిరుపేదలను నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల ఇళ్లకు వెళ్తాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడు ఫాయ్. అప్పు తీర్చడానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు డబ్బుతోపాటు ఇంట్లో సంగతులు కూడా తెలిశాయి: ఎవరు తాగుతున్నారు, ఎవరు పోట్లాడుకుంటున్నారు, ఎవరు కుంగిపోయి ఉన్నారు. ఇన్నాళ్లూ మనకు కావలసింది ఇదే కదా అని వెస్లీకి తట్టింది. సుమారు పన్నెండేసి మంది ఉండే తరగతులు అలా పుట్టాయి. చిల్లర వసూలు కాస్తా శిష్యరికపు బడి అయింది.

మర్నాటి ఏడు, 1743లో రాసిన సాధారణ నియమాల్లో సభ్యత్వానికి షరతు ఒక్కటే: రాబోయే ఉగ్రతను తప్పించుకోవాలనే కోరిక. నమ్మకాల జాబితా అడగలేదు, మారిన అనుభవం అడగలేదు. భయంతో వచ్చినా సరే. అయితే ఆ కోరిక నిజమైతే బతుకులో కనపడాలి అని వెంటనే మూడు పద్దులు రాశాడు: కీడు చేయకుండా ఉండడం, మేలు చేయడం, దేవుని ఆరాధనా క్రమాల్లో పాలుపంచుకోవడం. వాటికింద ఉన్నవి గాలి మాటలు కావు. అన్యాయపు వడ్డీ, సుంకం ఎగ్గొట్టిన సరుకు కొనడం, అమ్మడం లాంటివి పేరు పెట్టి రాశాడు. సభ్యత్వపు చీటీని మూడు నెలలకోసారి పరీక్షించి కొత్తగా ఇచ్చేవాళ్లు. గడప దగ్గర అడిగేది తక్కువ, ఇంట్లోకి వచ్చాక అడిగేది ఎక్కువ.

ఈనాటి సౌభాగ్య సువార్త మీద వచ్చే విమర్శ ఇక్కడే గురి తప్పుతుంది. ఆరోగ్యం, డబ్బు ఆశ చూపి జనాన్ని లాగుతున్నారన్నది మామూలు ఆరోపణ. ఆకలిగొన్నవాడికి అన్నం ఆశ చూపడం అంత పాపమేమీ కాదు. అసలు తప్పు ఏమిటంటే ఆ బోధ మనిషి కోరికను వచ్చిన చోటే మేకు కొట్టి ఉంచుతుంది. పదేళ్ల తర్వాత కూడా అతడు అదే అడుగుతుంటాడు, కాకపోతే పెద్ద మొత్తంలో. దొరకకపోతే నీ విశ్వాసం చాల్లేదంటారు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నా తీసేయలేదని రెండో కొరింథీ పత్రికలో తనే రాసుకున్నాడు. ఆ లెక్కన ఆయనా తప్పినట్టే.

మరోవైపు, వెలను గొప్ప చేసి చెప్పే బోధలోనూ గుంటలున్నాయి. దీనికి సాక్షి హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్. శిష్యరికం మీద ఆయన పుస్తకం 1937లో వచ్చింది. చవక కృప మన సంఘానికి ప్రాణాంతక శత్రువు అన్నాడు. అదే ఏడు ఆయన నడిపే ఫింకెన్‌వాల్డె సెమినరీని నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో మూసేసింది. పుస్తకం ఎక్కువగా గుర్తుండేది ఆయన 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరికంబం ఎక్కినందువల్ల. దానికి ముందు జైలునుంచి 1944 జూలై 21న, హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమైన మర్నాడు, మిత్రుడు ఎబర్‌హార్డ్ బెట్గెకు రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. పవిత్రంగా బతకడానికి ప్రయత్నించి విశ్వాసం సంపాదించుకోగలను అనుకున్నాను, ఆ దారి చివర రాసినదే ఆ పుస్తకం. దానిలోని ప్రమాదాలు ఇప్పుడు నాకు కనపడుతున్నాయి, రాసినదానికి మాత్రం ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను అన్నాడు. జబ్బు నయం కావాలన్నంత మామూలుగానే, పరిశుద్ధుడనిపించుకోవాలన్నదీ ఒక కోరికే. తననుంచి తాను ఏదో ఒకటి తయారు చేసుకునే ప్రయత్నం మానేసి, బాధ్యతలూ ప్రశ్నలూ గెలుపోటములూ ఉన్న ఈ లోకంలో నిండా మునిగి బతికినప్పుడే విశ్వాసం నేర్చుకుంటామని అదే ఉత్తరంలో రాశాడు. ముల్లు పీకేవాడే తనకు గుచ్చుకున్న ముల్లును చూపించిన ఉత్తరం అది.

వెల బోధకు ఇంకా మోటు ప్రమాదం ఒకటుంది. క్రీస్తుకు చెల్లించవలసిన వెలను మధ్యలో నాయకుడు వసూలు చేసుకోవడం. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు బోధకులు నడిపిన కాపరత్వ ఉద్యమం శిష్యరికాన్ని పునరుద్ధరిస్తామని మొదలైంది. ప్రతి విశ్వాసికీ ఒక కాపరి, ఆ కాపరికి మరో కాపరి. కొన్నిచోట్ల పెళ్లి, ఉద్యోగం, ఇల్లు మారడం లాంటివాటికి కూడా కాపరి ఒప్పుకోలు కావాల్సి వచ్చింది. కుటుంబాలు చితికిపోయాయి, ఆ ఐదుగురిలో ఒకరు తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. లోబడడం నేర్పుతున్నామన్నవాళ్లు మత్తయి 23లోని మాటను ఎలా దాటివచ్చారో అంతుపట్టదు. మీరు బోధకులని పిలవబడవద్దు, ఒక్కడే మీ బోధకుడు, మీరందరూ సహోదరులు అని ఉందక్కడ. శిష్యులను చేయమన్న ఆజ్ఞ ఎవరికీ తన సొంత శిష్యులను చేసుకునే హక్కు ఇవ్వలేదు.

కోరింది దొరకనప్పుడు ఏమవుతుందన్నది రొట్టెల అధ్యాయమే చెబుతుంది. మాటలు కఠినంగా ఉన్నాయని శిష్యుల్లోనే చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. మీరు కూడా వెళ్లిపోవాలనుకుంటున్నారా అని ఆయన పన్నెండుమందిని అడిగాడు. "ప్రభువా, యెవనియొద్దకు వెళ్లుదుము?" అన్నాడు పేతురు. దీన్ని గొప్ప విశ్వాసపు ఒప్పుకోలుగా చదువుతారు, ఆ తర్వాతి మాటలు అలాంటివే. మొదటి మాటలో మాత్రం గొప్పతనం కంటే వేరే దిక్కు లేనితనం ఎక్కువ వినపడుతుంది. అర్థమైందనలేదు, ఒప్పుకుంటున్నాననలేదు. ఇంకెక్కడికి పోతాం అన్నాడు. దొరికినప్పుడు ఏమవుతుందన్నదానికి లూకా 17 ఉంది. పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు, తిరిగి వచ్చింది ఒక్కడు, అతడూ సమరయుడు. మిగిలిన తొమ్మిదిమంది రోగం తిరగబెట్టిందని లూకా రాయలేదు. వాళ్లకిచ్చినది వాళ్లకే ఉంది.

వెంట నడవడం అంటే ఇల్లూ వాకిలీ వదలడమేనా అన్నది మిగిలిన ప్రశ్న. కొందరికి అవును. జక్కయ్య సగం ఆస్తి బీదలకిచ్చాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఊరు వదిలి వెళ్లినట్టు మాత్రం లూకా రాయలేదు. బేతనియలో మార్త, మరియ, లాజరు ఇంట్లోనే ఉన్నారు, ఆయనే వాళ్లింటికి వచ్చేవాడు. అన్నిటికంటే విచిత్రమైనది గెరాసేనుల దేశంలోని మనిషి సంగతి. సమాధుల్లో తిరుగుతూ, రాళ్లతో తన్ను తాను గాయపరచుకుంటూ, గొలుసులు తెంపేస్తూ ఉండినవాడు. బాగయ్యాక బట్టలు కట్టుకుని స్థిమితంగా కూర్చున్నాడు. ఊరివాళ్లు భయపడి, మా ప్రాంతం విడిచి పొమ్మని యేసునే బతిమాలారు. ఆయన సరేనని పడవ ఎక్కాడు. ఇతడు మాత్రం నీతో ఉండనివ్వమని వేడుకున్నాడు. సువార్తల్లో ఇంత శుద్ధమైన కోరికతో వచ్చినవాడు మరొకడు దొరకడు. ఆయన ఒప్పుకోలేదు. నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరికి వెళ్లి ప్రభువు నీకు చేసింది చెప్పు అన్నాడు. అతడు వెళ్లి దెకపొలి అంతటా చెప్పాడు. రెండు అధ్యాయాల తర్వాత యేసు మళ్లీ దెకపొలి ప్రాంతానికి వస్తే, ఈసారి జనం పొమ్మనలేదు. చెవిటివాణ్ని ఒకణ్ని తీసుకొచ్చి చెయ్యి ఉంచమని వేడుకున్నారు. ఆ రెండిటికీ సంబంధం ఉందని మార్కు ఎక్కడా అనలేదు.